వారం రోజుల సేవ, ఏళ్ల తరబడి సాధన: విదేశీ మిషన్ యాత్రలలో థెరపీ విద్యార్థులు

ప్రశ్న, పరిధి

అమెరికా, కెనడా, బ్రిటన్ వంటి దేశాలలో థెరపీ కోర్సులు చదివే విద్యార్థులు సెలవులలో వారం నుంచి రెండు వారాలపాటు క్రైస్తవ మిషన్ బృందాలతో కలిసి జమైకా, గ్వాటెమాల, హైతీ, కెన్యా వంటి దేశాలకు వెళ్లి, వైకల్యంతో జీవిస్తున్న పిల్లలకు సేవ చేయడం గత కొన్ని దశాబ్దాలలో బాగా స్థిరపడిన ఆచారం. థెరపీ అన్న మాట కింద ఇక్కడ ముఖ్యంగా మూడు వృత్తులు వస్తాయి. కండరాల బలాన్ని, కీళ్ల కదలికను, నడకను చూసేది ఫిజియోథెరపీ. తినడం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం, రాయడం వంటి నిత్యకృత్యాలను బిడ్డ వీలైనంతవరకు సొంతంగా చేసుకునేలా తీర్చిదిద్దేది ఆక్యుపేషనల్ థెరపీ. మాటతోపాటు నమలడాన్నీ మింగడాన్నీ చూసేది స్పీచ్ థెరపీ. ఈ మూడింటినీ కలిపి పునరావాస చికిత్స అంటారు.

ఈ యాత్రల గురించి వెలువడిన రచనలలో ప్రశంస, విమర్శ రెండూ పుష్కలంగా ఉన్నా, రెండు పక్షాలూ తరచు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటాయి. ప్రశంసించేవారు విద్యార్థి మనసులో వచ్చిన మార్పును చూపిస్తే, విమర్శించేవారు ఆతిథ్య సమాజం ఆత్మగౌరవానికి తగిలిన దెబ్బను చూపిస్తారు. ఈ రెండింటి నడుమ బిడ్డ పక్కకు జరిగిపోతుంది. పునరావాస చికిత్స స్వభావం ఏమిటి, అది ఎవరి చేతుల మీదుగా ఫలిస్తుంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే, సేవ చేయాలనే సంకల్పం మంచిదా కాదా అన్న వాదంలోకి దిగకుండానే ఏ యాత్ర సమర్థనీయమో, ఏది కాదో తేల్చడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది. ఈ సమీక్ష ఆ కొలబద్దతోనే సాగుతుంది.

స్వల్పకాల యాత్రల పుట్టుక

పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ ఒక దేశానికి బయలుదేరితే సాధారణంగా జీవితకాలానికో, పదుల ఏళ్లకో వెళ్లినట్టే. అక్కడి భాష నేర్చుకుని, బడో ఆసుపత్రో కట్టి, చాలామంది అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. విమాన ప్రయాణం మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాక ఈ తీరు మారింది. 1960లో మొదలైన యూత్ విత్ ఎ మిషన్ వంటి సంస్థలు యువతను కొద్ది వారాలకో నెలలకో విదేశీ సేవకు పంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాయి. ఆ సంస్థ ఒడిలోనే 1978లో మెర్సీ షిప్స్ అనే ఆసుపత్రి ఓడల సేవ పుట్టింది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దం నాటికి ఏటా దాదాపు 16 లక్షలమంది అమెరికన్ చర్చి సభ్యులు స్వల్పకాల మిషన్ యాత్రలకు విదేశాలకు వెళ్తున్నారని ప్రిన్స్‌టన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో అంచనా వేశాడు. ఆయన లెక్క ప్రకారం వారు అక్కడ గడిపే సగటు కాలం వారం రోజులకు కాస్త ఎక్కువ మాత్రమే. పంపే సంస్థలలోనే ఈ విస్తరణపై కలిగిన కలవరం వల్ల 2003లో అమెరికాలో స్వల్పకాల మిషన్లకు ఏడు ప్రమాణాలు రూపొందాయి. పరస్పర భాగస్వామ్యం, ఆతిథ్య పక్షంతో కలిసి ప్రణాళిక వేయడం, తగిన శిక్షణ, తిరిగివచ్చాక కొనసాగింపు వాటిలో ఉన్నాయి.

థెరపీ వృత్తులు ఈ ప్రవాహంలోకి రావడానికి కారణం వాటి చరిత్రలోనే ఉంది. ఆక్యుపేషనల్ థెరపీకి అమెరికాలో 1917లో జాతీయ సంఘం ఏర్పడిన నాటినుంచీ ఆ వృత్తి యుద్ధ క్షతగాత్రులకు, మానసిక రోగులకు, పోలియో సోకిన పిల్లలకు సేవగానే ఎదిగింది. క్రైస్తవ విశ్వవిద్యాలయాలలో థెరపీ విభాగాలు ఏర్పడినప్పుడు సేవాయాత్ర చదువులో సహజమైన భాగంగా చేరింది. సెవెంత్‌డే ఎడ్వెంటిస్టులు కాలిఫోర్నియాలో నడిపే లోమా లిండా విశ్వవిద్యాలయంలో విద్యార్థులను విదేశీ సేవకు పంపడానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఆతిథ్యమిచ్చే సంస్థలు కూడా అదే కాలంలో పెరిగాయి. వైకల్యం వల్ల వదిలివేయబడిన పిల్లల కోసం 1978లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో కాథలిక్ గురువు గ్రెగరీ రామ్‌కిసూన్ స్థాపించిన మస్టర్డ్ సీడ్ కమ్యూనిటీస్, 1998లో కెన్యాలోని కిజాబేలో తొలి పిల్లల ఆసుపత్రిని తెరిచిన క్యూర్ ఇంటర్నేషనల్, 1990ల నుంచి వాడిన వీల్‌చైర్లను అమెరికా జైళ్లలో ఖైదీల చేత బాగుచేయించి థెరపిస్టుల ద్వారా ఇతర దేశాలలో పిల్లలకు, పెద్దలకు అమర్చుతున్న జోనీ అండ్ ఫ్రెండ్స్ సంస్థ ఇందుకు పేరున్న ఉదాహరణలు.

అవసరం నిజమైనదే

విమర్శలోకి దిగేముందు ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది: అవసరం కల్పితం కాదు. ప్రపంచంలో దాదాపు 24 కోట్లమంది పిల్లలు ఏదో ఒక వైకల్యంతో జీవిస్తున్నారని యూనిసెఫ్ 2021లో అంచనా వేసింది. పిల్లలను, పెద్దలను కలుపుకుంటే పునరావాస చికిత్స వల్ల మేలు పొందగలవారు దాదాపు 240 కోట్లమంది ఉన్నారని 2020 చివరలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అయితే కొన్ని పేద, మధ్యాదాయ దేశాలలో ప్రతి 10 లక్షల జనాభాకు ఈ వృత్తులలో శిక్షణ పొందినవారు 10 మంది కూడా లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ 2017లో ‘పునరావాసం 2030’ పేరుతో పిలుపునివ్వడానికి ఈ అంతరమే కారణం. కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరందకపోవడం, పుట్టిన వెంటనే ముదిరిన కామెర్లకు చికిత్స జరగకపోవడం, మెదడువాపు, మెదడుకు ఎక్కిన మలేరియా ఈ దేశాలలో సెరిబ్రల్ పాల్సీకి ముఖ్య కారణాలు. ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు, భంగిమ జీవితాంతం దెబ్బతినే స్థితిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. అలాంటి బిడ్డ ఉన్న తల్లికి తన జిల్లాలో ఒక్క థెరపిస్టు కూడా లేనప్పుడు, ఏడాదికొకసారి వచ్చే విదేశీ బృందం కోసం ఆమె రోజంతా బస్సులో ప్రయాణించి రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ తల్లి ఎదురుచూపును చూసినవారికి యాత్రల అవసరాన్ని వేరే నిరూపించనక్కరలేదనిపిస్తుంది. కాని అవసరం ఉందని తేలినంత మాత్రాన, ఆ అవసరాన్ని ఈ యాత్ర తీరుస్తుందని తేలినట్టు కాదు.

బిడ్డకు ఒరిగేదేమిటి

పునరావాస చికిత్సకు, శస్త్రచికిత్సకు మధ్య మౌలికమైన తేడా ఉంది. చీలిన పెదవిని ఒక నిపుణుడు ఒక పూటలో కలిపి కుట్టి వెళ్లిపోయినా ఆ మేలు చాలావరకు నిలుస్తుంది. థెరపీలో అలాంటి పూట లేదు. సెరిబ్రల్ పాల్సీ చికిత్సలపై ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నొవాక్ బృందం 2013లోను, తిరిగి 2020లోను ప్రచురించిన విస్తృత సమీక్షలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. బిడ్డ తనకు, తన కుటుంబానికి ముఖ్యమైన ఒక నిజమైన పనిని లక్ష్యంగా పెట్టుకుని, తానే చురుకుగా పదేపదే సాధన చేయడం, ఇంట్లో తల్లిదండ్రులు ఆ సాధనను కొనసాగించడం ఫలితమిచ్చే పద్ధతులుగా తేలగా, బిడ్డను బల్లమీద పడుకోబెట్టి థెరపిస్టు తన చేతులతో సాగదీయడం, కదిలించడం వంటి నిష్క్రియ పద్ధతులకు ఆధారం బలహీనమని తేలింది. స్వల్పకాల శిబిరంలో ఎక్కువగా కనిపించేది, ఫొటోలలో బాగా కనబడేది ఈ రెండో రకమే. నిజంగా పనిచేసే మొదటి రకానికి స్థానిక భాష రావాలి, ఇంటి పరిస్థితి తెలియాలి, నెలల కాలం కావాలి. కాబట్టి వారం రోజుల్లో ఒక విద్యార్థి బిడ్డకు ‘చికిత్స చేశాడు’ అనడం వృత్తిశాస్త్రం దృష్ట్యా సరైన మాట కాదు. తల్లికి సాధన నేర్పి వెళ్తే, ఆ నేర్పినది తర్వాత ఎవరైనా సరిచూసే ఏర్పాటు ఉంటే, అది చికిత్సకు ఆరంభం మాత్రం కాగలదు.

పుట్టుకతో వచ్చే వంకరపాదం విషయంలో ఇది మరీ తేటతెల్లం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నాసియో పొన్సెటి రూపొందించిన పద్ధతి ప్రకారం వారం వారం సిమెంటు కట్టు మార్చుతూ, సాధారణంగా ఐదారు కట్లతో పాదాన్ని మెల్లగా సరిచేసి, అవసరమైతే మడమ స్నాయువును చిన్న కోతతో వదులు చేసి, తర్వాత ప్రత్యేకమైన బూట్లను మొదట మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు వచ్చేవరకు నిద్రవేళల్లో తొడగాలి. బూట్లు ఆపేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. శాశ్వత ఆసుపత్రి, అక్కడి భాషలో తల్లికి నచ్చజెప్పగల స్థానిక సిబ్బంది లేకుండా ఈ చికిత్స పూర్తికాదు. అందుకే ఇందులో విజయం సాధించిన మిషన్ ఆసుపత్రులు సందర్శక బృందాల మీద కాక, ఏడాది పొడవునా నడిచే క్లినిక్కుల మీద ఆధారపడ్డాయి.

కొద్ది రోజుల్లో నేర్పగలిగి, ప్రాణాలు కాపాడగలిగిన విషయం ఒకటుంది. అది తినిపించే పద్ధతి. మెడ నిలవని బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పలుచని గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి, పదేపదే న్యుమోనియా వస్తుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, చిక్కటి ఆహారాన్ని చిన్న చెంచాతో, బిడ్డ మింగేదాకా ఆగి తినిపించడం ఆయాలకు, తల్లులకు నేర్పవచ్చు. కాని ఇక్కడ కూడా ఒక అడ్డంకి ఉంది. ఒక్క ఆయా పదిమంది పిల్లలకు తినిపించవలసిన చోట ఆగి ఆగి తినిపించడం తెలిసినా కుదరదు. అప్పుడు కావలసింది మరో శిక్షణ తరగతి కాదు, ఇంకో ఆయాకు జీతం.

వీల్‌చైర్ల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిషన్ యాత్రలు కంటికి కనిపించే మేలు చేసేదీ, గమనించకుండా హాని చేసేదీ ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తక్కువ వనరులున్న ప్రాంతాలలో వీల్‌చైర్ల పంపిణీకి మార్గదర్శకాలు ప్రచురించి, ఆ సేవను ఎనిమిది దశలుగా విభజించింది: బిడ్డను సిఫారసు చేసి సమయం ఇవ్వడం, కొలతలు తీసి పరీక్షించడం, తగిన కుర్చీని సూచించడం, డబ్బు సమకూర్చి ఆర్డరివ్వడం, కుర్చీని సిద్ధం చేయడం, బిడ్డను కూర్చోబెట్టి అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతు చేస్తూ మళ్లీ పరీక్షించడం. సరిపడని కుర్చీలో గంటల తరబడి కూర్చున్న బిడ్డకు ఒత్తిడి పుండ్లు పడతాయి, వెన్ను వంగుతుంది, ఊపిరి, మింగడం ఇబ్బందవుతాయి. థెరపీ విద్యార్థులు ఉన్న బృందం దాతృత్వ సంస్థ ఊరికే పంచే కుర్చీల కంటే ఎంతో మెరుగు, ఎందుకంటే వారికి కొలవడం, దిండ్లు చెక్కడం, పట్టీలు అమర్చడం తెలుసు. అయినా ఎదిగే పిల్లకు ఏడాది రెండేళ్లలో ఆ కుర్చీ చాలదు. ఎనిమిదో దశను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు పేరుతో సహా జవాబు లేని చోట మొదటి ఏడు దశలూ ఎంత చక్కగా జరిగినా సేవ అసంపూర్ణమే.

అనాథాశ్రమాల చిక్కు

మిషన్ యాత్రలకు అనాథాశ్రమం ఎంతో అనుకూలమైన వేదిక. పిల్లలందరూ ఒకేచోట ఉంటారు, బసకు ఏర్పాటు ఉంటుంది, ఇంగ్లీషు మాట్లాడే నిర్వాహకుడు ఉంటాడు. అయితే సంస్థలలో పెరిగే పిల్లలపై జరిగిన పరిశోధన ఈ సౌలభ్యాన్ని ప్రశ్నార్థకం చేసింది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా నడిపిన అధ్యయనం ఆశ్రమాలలోని 136 మంది పసిపిల్లలలో సగంమందిని పెంపుడు కుటుంబాలలో ఉంచి పోల్చగా, కుటుంబంలో పెరిగిన పిల్లల బుద్ధివికాసం, అనుబంధం గణనీయంగా మెరుగయ్యాయని, ఎంత చిన్న వయసులో కుటుంబంలోకి వెళ్తే అంత మేలని తేల్చింది. స్థిరమైన ఒక్క మనిషి కోసం అలమటించే బిడ్డ దగ్గరికి ప్రతి నెలా కొత్త విద్యార్థుల బృందం వచ్చి, ఎత్తుకుని, ఆడించి, వారం తిరగ్గానే కన్నీళ్లతో వీడ్కోలు చెప్పి వెళ్లడం ఆ బిడ్డ అనుబంధశక్తిని మరింత దెబ్బతీస్తుందనే ఆందోళన అందుకే వ్యక్తమవుతోంది.

దీనికి ఆర్థిక పార్శ్వం కూడా ఉంది. విదేశీ సందర్శకులు, విరాళాలు వచ్చే చోట ఆశ్రమాలు పెరుగుతాయి, వాటిలో నింపడానికి పేద కుటుంబాల నుంచి పిల్లలను తెస్తారు. 2010 జనవరి భూకంపం తర్వాత హైతీ నుంచి 33 మంది పిల్లలను తగిన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి పది మంది అమెరికన్ బాప్టిస్టులు అరెస్టయిన ఉదంతంలో, ఆ పిల్లల్లో అధికశాతం తల్లిదండ్రులు బతికే ఉన్నారని బయటపడింది. ఆస్ట్రేలియా 2018లో ఆమోదించిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంలో ఆశ్రమాల కోసం జరిగే పిల్లల అక్రమ రవాణాను గుర్తించగా, 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ అనాథాశ్రమాలలో స్వచ్ఛంద సేవాపర్యటనల వల్ల కలిగే హానిని నివారించాలని సభ్యదేశాలను కోరింది. పలు క్రైస్తవ సంస్థలు సైతం కుటుంబ సంరక్షణ వైపు మళ్లాలని పిలుపునిస్తున్నాయి.

అయితే తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఈ వాదాన్ని యథాతథంగా వర్తింపజేయడం అన్యాయమవుతుంది. అలాంటి బిడ్డను కుటుంబం ఆసుపత్రిలోనో వీధిలోనో వదిలివెళ్లిన చోట, పెంపుడు కుటుంబాలు ముందుకు రాని చోట, మస్టర్డ్ సీడ్ వంటి సంస్థలే ఆ బిడ్డకు ఇల్లు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసే పరిచారకులకు సాయపడే థెరపీ విద్యార్థి, బిడ్డను కౌగిలించుకుని వెళ్లిపోయే పర్యాటకుడు ఒకటి కాదు. తేడా అంతా ఆ విద్యార్థి తన కాలాన్ని ఎవరితో గడుపుతాడన్న దానిలో ఉంది. పరిచారకులకు పని తేలికయ్యేలా కూర్చోబెట్టే పద్ధతి నేర్పి, కుర్చీలు సరిచేసి వెళ్తే బిడ్డ అనుబంధానికి నష్టం లేదు, శరీరానికి లాభం ఉంది.

విద్యార్థికి దొరికేది

థెరపీ విద్యలో క్షేత్రశిక్షణకు చాలా బరువు ఉంది. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రతి విద్యార్థికి కనీసం 1,000 గంటల క్షేత్రానుభవం ఉండాలంటుంది. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు పట్టాకు కనీసం 24 వారాల పూర్తికాల శిక్షణ తప్పనిసరి. వారం రోజుల యాత్ర ఈ లెక్కలో చిన్న భాగం. అందువల్ల దాని విలువను వృత్తి నైపుణ్యంలో కాక వైఖరిలో వెతకాలి. యాత్ర చేసిన విద్యార్థులపై వచ్చిన అధ్యయనాలు చాలావరకు ఆత్మవిశ్వాసం, ఇతర సంస్కృతుల పట్ల వినయం, ఉన్న వస్తువులతో సాధనాలు చేసుకునే చొరవ పెరిగాయని చెబుతాయి. ఈ అధ్యయనాలు ఎక్కువగా చిన్న బృందాలపై, యాత్ర ముగిసిన వెంటనే, విద్యార్థి స్వయంగా చెప్పిన మాటల ఆధారంగా జరిగినవి కావడం వాటి పరిమితి. బిడ్డ ఆరు నెలల తర్వాత ఎలా ఉందని అడిగిన పరిశోధన చాలా తక్కువ. ఆతిథ్య సంస్థల సిబ్బంది అభిప్రాయాలను కూడా సేకరించి సమాజశాస్త్రవేత్త జూడిత్ లాస్కర్ 2016లో ప్రచురించిన గ్రంథం ఈ అసమతుల్యాన్ని ఎత్తిచూపింది. స్థానికులు కోరేది ఎక్కువ కాలం ఉండేవారిని, ముందుగా అడిగి వచ్చేవారిని, ఒకే చోటికి తిరిగి వచ్చేవారిని.

విద్యార్థి చేయకూడని పనులేవన్న విషయంలో ఆరోగ్యరంగం స్పష్టతకు వచ్చింది. విదేశీ శిక్షణానుభవాలపై 2010లో వెలువడిన నైతిక మార్గదర్శకాలలో కనిపించే సారాంశం ఇది: తన దేశంలో తనకు అనుమతి లేని పనిని పేద దేశంలో చేసే హక్కు విద్యార్థికి లేదు. ఒక అమెరికన్ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న పర్యవేక్షకుడికి కూడా మరో దేశంలో ఆ లైసెన్సు చెల్లదు. పేదబిడ్డపై ప్రయోగం చేస్తూ నేర్చుకోవడాన్ని సేవగా పిలవడం వృత్తిధర్మానికీ, యాత్రకు ప్రేరణ అయిన విశ్వాసానికీ కూడా విరుద్ధం.

విశ్వాసం: బలమూ, బలహీనతా

మతాన్ని పక్కనపెట్టి ఈ యాత్రలను కేవలం వైద్యసేవగా విశ్లేషించడం సగం చూడటమే. చాలా సమాజాలలో బిడ్డ వైకల్యానికి శాపం, దయ్యం, పూర్వపాపం కారణమనే నమ్మకం తల్లిని ఒంటరిని చేస్తుంది. ఆ నమ్మకాన్ని కదిలించడంలో విదేశీ నిపుణుడి శాస్త్రవివరణ కంటే స్థానిక పాస్టరు మాటకు బలమెక్కువ. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన ఎవాంజెలికల్ క్రైస్తవుల లోజాన్ మహాసభ ప్రకటన వైకల్యం ఉన్నవారిని సేవ పొందేవారిగా మాత్రమే కాక సేవ చేసేవారిగా కూడా సంఘం గుర్తించాలని కోరింది. బృందం వెళ్లిపోయినా ఆ ఊరి సంఘం అక్కడే ఉంటుంది. వారం వారం కలిసే మనుషులు, వాహనం, గది దానికి ఉంటాయి. బృందం వెళ్లాక కొనసాగవలసిన చికిత్సకు కావలసినవి సరిగ్గా ఇవే. లౌకిక సంస్థల స్వల్పకాల శిబిరాలకు తరచు లేని ఈ ఆధారం మిషన్ యాత్రకు ఉన్న నిజమైన బలం, అయితే దాన్ని వాడుకునే బృందాలు తక్కువ.

బలహీనత సమ్మతి దగ్గర బయటపడుతుంది. బిడ్డ కుర్చీ కోసం వరుసలో నిలబడిన తల్లిని ప్రార్థనకు రమ్మంటే ఆమె కాదనగలదా? 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి సహాయాన్ని ఏ మతప్రచారానికీ వాడరాదని చెప్పింది. క్రైస్తవేతర వేదికలదే ఈ ఆక్షేపణ అనుకోవడానికి కూడా వీల్లేదు. ప్రపంచ చర్చిల మండలి, వాటికన్‌లోని మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి కలిసి 2011లో వెలువరించిన పత్రం స్వస్థత సేవలలో మనుషుల నిస్సహాయతను వాడుకోరాదని, ప్రలోభాలను విడనాడాలని విస్పష్టంగా పేర్కొంది. ఆరాధన చికిత్సకు వేరే వేళ, వేరే చోట జరగడం, రాని తల్లికి సేవలో ఏ తేడా లేకపోవడం, బిడ్డల ఫొటోలు విరాళాల ప్రచారానికి వాడకపోవడం ఈ సూత్రానికి ఆచరణరూపాలు.

ఖర్చు, విమర్శ

ఈ యాత్రలపై తీవ్రమైన తొలి విమర్శలలో ఒకటి చర్చి లోపలినుంచే వచ్చింది. కాథలిక్ గురువుగా ఉంటూనే సంస్థాగత సేవను ప్రశ్నించిన ఇవాన్ ఇలిచ్ 1968 ఏప్రిల్‌లో అమెరికన్ విద్యార్థి స్వచ్ఛందసేవకులను ఉద్దేశించి, చూడటానికి, నేర్చుకోవడానికి రమ్మని, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని నిర్మొహమాటంగా చెప్పాడు. నలభై ఏళ్ల తర్వాత స్టీవ్ కార్బెట్, బ్రయన్ ఫికర్ట్ ఎవాంజెలికల్ పాఠకుల కోసం రాసిన గ్రంథం అదే ఆందోళనను మెత్తగా, విస్తారంగా వినిపించింది. లెక్కల వైపునుంచి చూస్తే, 1998 నాటి మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో ఇళ్లు కట్టిన బృందాలను పరిశోధకుడు కర్ట్ వెర్ బీక్ అధ్యయనం చేసి, ప్రయాణ ఖర్చులతో కలిపి విదేశీ బృందం కట్టిన ఇంటికి దాదాపు 30,000 డాలర్లు కాగా స్థానిక సంస్థ కట్టిన ఇంటికి 2,000 డాలర్లే అయిందని, ఇల్లు పొందిన కుటుంబాలకు ఎవరు కట్టారన్న దానివల్ల తేడా కనిపించలేదని, వెళ్లినవారి దాతృత్వంలో కూడా నిలిచే మార్పు స్వల్పమేనని చూపాడు. ఇల్లు కట్టడానికి వర్తించిన ఈ లెక్క థెరపీకి అచ్చంగా వర్తించదు, ఎందుకంటే స్థానిక మేస్త్రి ప్రతి ఊరిలో ఉంటాడు కాని స్థానిక థెరపిస్టు ఉండడు. అందువల్లే ఆ థెరపిస్టును తయారుచేయడం మీద పెట్టిన డబ్బు, విమాన టిక్కెట్ల మీద పెట్టిన డబ్బు కంటే ఎన్నోరెట్లు ఫలిస్తుందన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది.

నిలిచిన నమూనాలు

చరిత్రలో నిలిచిన ప్రయత్నాలు ఈ నిర్ణయాన్నే బలపరుస్తాయి. మెక్సికోలోని సినలోవా కొండప్రాంతంలో అహోయా అనే పల్లెలో 1981లో మొదలైన ప్రోహిమో కార్యక్రమంలో వికలాంగులైన గ్రామస్థులే చికిత్సకులుగా, వీల్‌చైర్ల తయారీదారులుగా శిక్షణ పొందారు. ఆ అనుభవం నుంచి డేవిడ్ వెర్నర్ 1987లో వికలాంగ గ్రామశిశువులపై బొమ్మలతో ప్రచురించిన గ్రంథం నేటికీ పల్లె థెరపిస్టులకు కరదీపిక. హైతీలో 2010 భూకంపం వేలమందికి అవయవాలు లేకుండా చేసే నాటికి దేశంలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ పట్టా ఇచ్చే కళాశాలే లేదు. విదేశీ చికిత్సకులు వెల్లువలా వచ్చి వెళ్లారు. తర్వాత లెయోగాన్‌లో ఎపిస్కోపల్ విశ్వవిద్యాలయం 2015లో పునరావాస శాస్త్రాల విభాగాన్ని తెరిచి హైతీ యువతకే ఆ చదువు చెప్పడం మొదలుపెట్టింది. 2020లో కోవిడ్ విమానాలను ఆపేసినప్పుడు, 2021లో 17 మంది మిషనరీ బృందసభ్యులను ఒక ముఠా అపహరించిన నాటినుంచి భద్రత మరింత దిగజారినప్పుడు, విదేశీ యాత్రలు చాలావరకు ఆగిపోయాయి. అలాంటి కాలంలో బిడ్డకు అందుబాటులో ఉండేది దేశంలోనే శిక్షణ పొందిన థెరపిస్టు మాత్రమే.

భారతదేశ అనుభవం కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో క్వేకర్ కుటుంబంలో పుట్టి, భారతీయుడిని పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో దేశంలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను స్థాపించింది. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సతోపాటు థెరపీని జోడించాడు. ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడినా వీల్‌చైర్‌లో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన మేరీ వర్ఘీస్ చొరవతో 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడింది. తెలుగునాట నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రి కూడా ఉండిపోయిన మిషనరీల కృషే. వీరిలో ఎక్కువమంది సేవకు ప్రేరణ విశ్వాసమే అయినా, దాన్ని నిలబెట్టింది పాఠశాల, ఆసుపత్రి, స్థానిక శిష్యులు.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరమైనది కాదు. భారతీయ పునరావాస మండలి చట్టం 1992, అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021 వచ్చాక నమోదు లేకుండా ఇక్కడ ఈ వృత్తులు చేయడం కుదరదు. మిషనరీ పనికి వేరే వీసా తరగతి ఉంది. అంతకంటే ముఖ్యంగా, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు, విద్యాశాఖ కింద వికలాంగ పిల్లల కోసం మండలాలలో భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. ఇక్కడికి సేవకు వచ్చే ఏ బృందమైనా, విదేశీ సంఘమైనా ప్రవాస తెలుగువారి సంస్థ అయినా, వేరే శిబిరం వేసుకోవడం కంటే భవిత కేంద్రంలో ఉన్న థెరపిస్టు వెనక నిలబడటం మేలు. ఒక్కరోజు శిబిరంలో ట్రైసైకిళ్లు, కుర్చీలు పంచి ఫొటోలతో ముగించే మన అలవాటుకు కూడా పైన చెప్పిన ఎనిమిదో దశ ప్రశ్న అంతే వర్తిస్తుంది.

నిర్ధారణ

మొత్తంమీద తేలేదేమంటే, థెరపీ విద్యార్థుల మిషన్ యాత్రను చికిత్సగా చూస్తే అది దాదాపు ఎప్పుడూ విఫలమే, చదువుగాను, స్థానిక చికిత్సకుడికి తోడ్పాటుగాను చూస్తే అది సమర్థనీయం కాగలదు. పంపే కళాశాల, పంపే సంఘం బయలుదేరేముందు నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి: ఈ పనిని ఏ స్థానిక థెరపిస్టు లేదా సంస్థ కోరింది? అక్కడ విద్యార్థిని ఎవరు పర్యవేక్షిస్తారు? బృందం వెళ్లిన మర్నాడు బిడ్డ సాధనను ఎవరు చూస్తారు? యాత్ర ఖర్చుకు సమానంగా ఎంత మొత్తం స్థానిక చికిత్సకుల చదువుకో జీతానికో వెళ్తుంది? వీటిలో మూడో ప్రశ్నకు జవాబు లేని యాత్రను వాయిదా వేయడమే బిడ్డకు చేసే మేలు. నాలుగింటికీ జవాబున్న యాత్రలు తక్కువే అయినా, ఏటేటా అదే ఊరికి, అదే భాగస్వామి దగ్గరికి వెళ్లే అలాంటివే కొనసాగాలి.